టామీకి స్నానం సరే, చేయించిన చేతికో?

పాలవాడికి సంక్రాంతికి ఎంత ఇవ్వాలో మనకు తెలుసు. దసరాకి పోస్టుమాన్‌కి ఎంతో, వీధి ఊడ్చే ఆమెకి ఎంతో, గ్యాసు బండ మూడో అంతస్తుకి మోసుకొచ్చిన కుర్రాడికి ఎంతో కూడా తెలుసు. ఎవరూ పుస్తకంలో రాసిపెట్టలేదు, మన అమ్మలు ఇస్తుంటే చూసి నేర్చుకున్నాం. కానీ కుక్కకి స్నానం చేయించినవాడికి ఎంత ఇవ్వాలి? ఇది మాత్రం అమ్మలు చెప్పలేదు. వాళ్ళకి ఆ అవసరమే రాలేదు మరి. ఆ రోజుల్లో కుక్క వాకిట్లో పడుకునేది, మిగిలిన అన్నం తినేది, వానొస్తే తడిసేది. అదే దాని స్నానం.

ఇప్పుడు కాలం మారింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ, ఏ ఊరు చూసినా అపార్టుమెంట్లలో లాబ్రడార్లు, పగ్గులు, షిట్జులు కనిపిస్తున్నాయి. మంచుదేశాల్లో బండ్లు లాగాల్సిన హస్కీలు కూడా మన మే నెల ఎండల్లో ఏసీ కింద రొప్పుతూ పడుకుంటున్నాయి. (వాటిని ఇక్కడికి తెచ్చి పెంచడం న్యాయమా అన్నది వేరే వ్యాసానికి సరిపడా సంగతి. ఇక్కడ మొదలుపెడితే తేలదు.) ఇన్ని కుక్కలున్నాక వాటిని చూసుకునే మనుషులూ కావాలి గదా! కుక్కల పార్లర్లు వచ్చాయి. ఇంటి ముందుకే వచ్చి స్నానం చేయించే వ్యాన్లు వచ్చాయి. పొద్దున్నా సాయంత్రం షికారు తిప్పే కుర్రాళ్ళు వచ్చారు. మనం పెళ్ళికో యాత్రకో వెళితే నాలుగు రోజులు ఉంచుకునే హాస్టళ్ళు కూడా వచ్చాయి. వీళ్ళలో ఎవరికి బిల్లు మీద ఇంకాస్త పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు, అసలు పెట్టడం మర్యాదేనా అన్నదే ఇప్పుడు చాలా ఇళ్ళలో చిన్న తగువు.

చిన్నదంటున్నాను గానీ, ఆ తగువు ఎవరెవరి మధ్య నడుస్తుందో చూడండి. "స్నానానికే పన్నెండొందలు తీసుకున్నాడు, మళ్ళీ చేతిలో వంద ఎందుకూ?" అంటారు ఇంటాయన. ఆ కుర్రాడేమో టామీని తుడిచి, మెడకి రుమాలు కట్టి, గుమ్మంలో నిలబడి ఉంటాడు. వాడు అడగడు. అడగకపోవడమే ఇబ్బంది. ఇస్తే దుబారా మనిషివి, ఇవ్వకపోతే పీనాసి దానివి. రెండు పేర్లూ ఇల్లాలికే వస్తాయి. పర్సు తెరిచే చెయ్యి ఎక్కువగా మనది కాబట్టి ఈ పేజీలో ఈ మాట మాట్లాడుకోవడం తప్పు కాదనుకుంటాను.

మా అపార్టుమెంటులో దీని మీద మూడు రకాల వాదాలున్నాయి. మొదటిది, "బిల్లు కట్టాం, రుణం తీరింది". రెండోది, "ఏదో ఒకటి పడేస్తే పోతుంది, వచ్చేసారి కుక్కని సరిగ్గా చూస్తాడు". మూడోది అమెరికా నుంచి వచ్చినవాళ్ళది. మా పెద్దనాన్నగారి అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అక్కడ కుక్కకి జుట్టు కత్తిరించినా బిల్లు మీద వందకి పదిహేనో ఇరవయ్యో కలిపి ఇవ్వడం వాళ్ళకి మామూలే. రోజూ కుక్కని తిప్పేవాళ్ళకి క్రిస్మస్‌కి వారం రోజుల డబ్బు దాకా బహుమతిగా ఇస్తారట. ఇక్కడికి వచ్చి కూడా ఆ లెక్కే వేసింది. పార్లరు కుర్రాడు బిత్తరపోయి, ఎక్కువిచ్చారనుకుని సగం తిరిగి ఇవ్వబోయాడు.

అమెరికా లెక్క మనం పట్టుకోకూడదని నా అభిప్రాయం. అది మంచిది కాదని కాదు, దాని పుట్టుక వేరు. అక్కడ హోటళ్ళలో వడ్డించేవాళ్ళకి యజమాని ఇచ్చి తీరాల్సిన కనీస కూలి, దేశం మొత్తానికీ కలిపి చట్టం చెప్పేది, గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లు. 1991 నుంచీ అంతే ఉంది. మిగతాది తినేవాళ్ళు టిప్పుగా పూడ్చాలి. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ పెట్టుకున్నాయి, అది వేరే మాట. అంటే యజమాని ఇవ్వాల్సిన జీతంలో పెద్ద ముక్క తినడానికి వచ్చినవాడి మంచితనం మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ అలవాటు హోటల్లోంచి క్షౌరశాలకీ, అక్కడ్నుంచి కుక్కల క్షౌరశాలకీ పాకింది. మన దగ్గర కూడా పార్లరు యజమానులు "కస్టమర్లు ఇస్తారులే" అని కుర్రాళ్ళ జీతం తగ్గించే రోజు రాకూడదు. వందకి ఇరవై అని మనం ఒక రేటు ఖాయం చేస్తే ఆ రోజు తొందరగా వస్తుంది.

అయితే అసలు ఇవ్వొద్దంటానా? అననే అనను. ఆ పని ఏమిటో ఒకసారి దగ్గర నిలబడి చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. స్నానం అంటే నీళ్ళు పోసి షాంపూ రుద్దడం అనుకుంటాం. షిట్జులాంటి కుక్కకి నెల రోజులు దువ్వెన పెట్టకపోతే చంకల్లో, చెవుల వెనక జుట్టు చాపలా అట్టకట్టుకుపోతుంది. దాన్ని నీళ్ళు పోయకముందే విడదీయాలి. తడిస్తే ఇంకా బిగుస్తుంది. ఒక్కో చిక్కూ వేళ్ళతో పట్టుకుని, కింద చర్మం లాక్కుపోకుండా విప్పాలి. చెవుల్లో, కాలి వేళ్ళ మధ్య పిడుదులుంటాయి, పట్టకారుతో ఒక్కోటి తియ్యాలి. గోళ్ళు కత్తిరించేటప్పుడు లోపల రక్తనాళం ఎక్కడిదాకా ఉందో చూసుకోవాలి. నల్లగోళ్ళ కుక్కకైతే అది కనబడనే కనబడదు. ఒక్క పిసరు ఎక్కువ తెగితే నెత్తురు, కుక్క అరుపు, మన అరుపు. కొన్ని కుక్కలకి తోక కింద ఉండే తిత్తుల్లో కంపు కొట్టే ద్రవం పేరుకుంటుంది. దాన్ని నొక్కి తీసే పని కూడా ఈ పిల్లల చేతికే వస్తుంది. ఇంకా వివరంగా రాస్తే మీరు కాఫీ పక్కన పెట్టేస్తారు. ఇంత చేస్తున్నంతసేపూ ఆ కుక్క అతన్ని ఎప్పుడు కరుస్తుందో తెలియదు.

అందుకని మా ఇంట్లో నేను పెట్టుకున్న పద్ధతి ఇది. లెక్క బిల్లుకి కాదు, ఆ రోజు పడిన కష్టానికి. టామీ బుద్ధిగా ఉండి గంటలో అయిపోతే యాభై. చిక్కులు విప్పాల్సి వచ్చినా, పిడుదులు ఏరినా, వాంతి చేసుకున్నా వంద, నూట యాభై. ఇంటికొచ్చి చేసేవాళ్ళయితే ముందు మంచినీళ్ళు, ఎండాకాలమైతే మజ్జిగ. అయిపోయాక చేతులు కడుక్కోవడానికి సబ్బూ, మన బాత్రూమూ. ఈ చివరిది రాయడానికి కూడా సిగ్గేస్తుంది గానీ రాయాలి. రెండు గంటలు మన బాల్కనీలో వంగి పనిచేసిన మనిషిని చేతులు కడుక్కోవడానికి కింద సెల్లారులో కుళాయి దగ్గరికి పంపే ఇళ్ళున్నాయి. అలాంటి ఇంట్లో వంద కాదు, అయిదొందలు చేతిలో పెట్టినా నా దృష్టిలో అది మర్యాద అనిపించుకోదు. మరికొన్ని అపార్టుమెంట్లలో కుక్క ఎక్కే లిఫ్టు వేరు, దాన్ని తీసుకొచ్చే కుర్రాడు ఎక్కాల్సిన లిఫ్టు వేరు! అతని చేతిలో గొలుసు ఉన్నంతసేపు పెద్ద లిఫ్టు ఎక్కచ్చు, కుక్కని ఇంట్లో దింపేశాక మాత్రం సామాన్ల లిఫ్టులో దిగాలి. దీన్ని గురించి ఏ సొసైటీ మీటింగులోనైనా ఎవరైనా లేచి అడిగారో లేదో!

ఇంకో సంగతి, ఇచ్చిన డబ్బు ఎవరికి చేరుతోంది? పార్లర్లలో ఇప్పుడు అందరం ఫోన్లోనే కట్టేస్తున్నాం. బిల్లుకి వంద కలిపి కౌంటరు మీద ఉన్న కోడ్‌కి కొట్టేస్తే ఆ వంద యజమాని ఖాతాలో పడుతుంది. వెనక గదిలో తడిబట్టలతో నిలబడ్డ కుర్రాడికి అది చేరిందో లేదో మనకి తెలియదు. కొన్నిచోట్ల నిజాయితీగా అందరికీ పంచుతారు, కొన్నిచోట్ల పంచరు. అడిగితే తప్పేం లేదు. "టామీకి ఎవరు చేశారు? ఒకసారి పిలవండి" అని, పర్సులోంచి కాగితం తీసి ఆ పిల్లవాడి చేతికే ఇస్తే సరిపోతుంది. అందుకోసమైనా పర్సులో నాలుగు యాభై కాగితాలు ఉంచుకోవడం మంచిది. అతనికి ఫోన్‌ ఉంటే అతని నంబరుకే పంపొచ్చు. ఇక యజమానే స్వయంగా పనిచేసే చోటు, ముఖ్యంగా ఇంట్లోనే చిన్న గది పెట్టుకుని నడుపుకునే ఆడవాళ్ళ దగ్గర, టిప్పు ఇవ్వక్కర్లేదు. వాళ్ళ ధర వాళ్ళే పెట్టుకున్నారు. చెప్పిన టైముకి వెళ్ళడం, బేరమాడకపోవడం, ఇంకో ఇద్దరికి వాళ్ళ పేరు చెప్పడం, ఇవి వాళ్ళకి యాభై రూపాయలకన్నా ఎక్కువ.

బిల్లులో "సర్వీస్ ఛార్జీ" అని వాళ్ళంతట వాళ్ళే వేసేస్తే మాత్రం గట్టిగా అడగండి. హోటళ్ళు ఇలా బలవంతంగా కలపకూడదని వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఆదేశాలిచ్చింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకి వెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాలనే సమర్థించింది. అది హోటళ్ళ సంగతే అయినా అందులో ఉన్న న్యాయం కుక్కల పార్లరుకి మాత్రం పనికిరాదా? ఇచ్చేవాళ్ళ ఇష్టంతో ఇస్తేనే అది టిప్పు. ఫోన్లో బుక్ చేసేటప్పుడే, మనిషి ఇంకా బయల్దేరక ముందే "టిప్పు ఎంత కలపమంటారు?" అని అడిగే పద్ధతి కూడా నాకు నచ్చదు. చెయ్యని పనికి ఇచ్చేది మెప్పెలా అవుతుంది? అది తొందరగా రమ్మని వేసే ఎర.

ఎర అన్నాను కాబట్టి మామూళ్ళ సంగతికి వస్తాను. తెలుగులో ఈ మాటకి రెండు అర్థాలు ఎలా వచ్చాయో గానీ భలే వచ్చాయి. దసరా మామూలు అంటే సంతోషంగా ఇచ్చేది. ఆఫీసులో మామూలు అంటే పళ్ళు నూరుకుంటూ ఇచ్చేది. పెంపుడు జంతువుల విషయంలో ఈ రెండూ కలగాపులగం అయ్యే చోటు ప్రభుత్వ పశువుల ఆసుపత్రి. హైదరాబాదు నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ప్రైవేటు డాక్టరుకి వేలు పోయలేని ఇళ్ళవాళ్ళు కుక్కల్ని, పిల్లుల్ని, మేకల్ని చంకనేసుకుని వస్తారు. ఏటా జులై 6న, జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం పేరుతో, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఆ రోజు వరసలో ఉన్న కుక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి ఒడిసి పట్టుకునే అటెండర్లని చూస్తే ఎవరికైనా జేబులో చెయ్యి పెట్టాలనిపిస్తుంది. వద్దు. వాళ్ళ మీద జాలి లేక కాదు. ఇవాళ మీరు సంతోషంగా ఇచ్చిన యాభై, రేపు మీ వెనక మేకని పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ ఇచ్చి తీరాల్సిన యాభై అవుతుంది. పైగా ఇది చట్టంతో పని. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం తీసుకున్నవాడే కాదు, ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసుకోవాలి. పల్లెల్లో 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు దగ్గరా అంతే. ఉచితమన్నదాన్ని ఉచితంగానే ఉండనివ్వాలి. కృతజ్ఞత ఆగకపోతే ఆ అటెండరు పేరు రాసి పై అధికారికి ఒక కార్డు పంపండి. ఆ ఉత్తరం ఫైల్లో ఉంటే అతనికి ఎప్పుడైనా పనికొస్తుంది.

డాక్టరుకి టిప్పు ఇచ్చేది లేదు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా. అది చదువుకి అవమానం. ప్రైవేటు క్లినిక్‌లో రాత్రి పన్నెండింటికి సెలైను పట్టుకుని కూర్చున్న కాంపౌండరుకి మాత్రం ఇవ్వొచ్చు, అదీ కుక్క కోలుకుని ఇంటికి వెళ్ళేటప్పుడు. పని మధ్యలో ఇస్తే పక్క బోనులో ఉన్న కుక్క యజమాని మనసు చివుక్కుమంటుంది.

షికారు తిప్పే కుర్రాడి విషయానికి వస్తే టిప్పు అన్న మాటే చిన్నది. రోజుకి రెండుసార్లు, నెలకి అరవైసార్లు మన గుమ్మం ఎక్కే మనిషి అతను. నెల జీతం ఒకటో తారీకుకి ఇవ్వాలి, అయిదో తారీకుకి కాదు. మనం ఊరెళ్ళి పది రోజులు కుక్కని తీసుకుపోతే ఆ పది రోజుల డబ్బు కొయ్యకూడదు. అతను ఆ టైము మనకోసమే ఖాళీగా ఉంచుకున్నాడు గదా. వానాకాలంలో ఒక గొడుగో రెయిన్‌కోటో ఇవ్వాలి. దసరాకో సంక్రాంతికో, ఏ పండగైతే అతని పండగో ఆ పండక్కి, రంజానైతే రంజానుకి, ఒక నెలలో సగం జీతమైనా విడిగా ఇవ్వడం న్యాయం. పూర్తి నెల ఇవ్వగలిగితే మరీ మంచిది.

వీటన్నిటికన్నా ముందు ఇవ్వాల్సింది ఇంకోటి ఉంది, టీకా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేనే లేదు. రోజూ పదిళ్ళ కుక్కల్ని పట్టుకునేవాళ్ళు కరవకముందే టీకా వేయించుకోవచ్చు. మొదటి రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజున గానీ ఇరవై ఎనిమిదో రోజున గానీ, మొత్తం మూడు డోసులు. అతను తిప్పే నాలుగైదు ఇళ్ళవాళ్ళూ తలా కాస్త వేసుకుంటే ఎవరికీ భారం కాదు. నేను చెప్పిన ఇళ్ళలో సగంమంది "మా కుక్కకి ఇంజెక్షన్లు వేయించాం గదా, ఇంక అతనికెందుకు?" అన్నారు. మీ కుక్కకి వేయించారు సరే, రోడ్డు మీద మీ కుక్క మీదకి వచ్చే వీధికుక్కకి ఎవరు వేయించారు? మధ్యలో నిలబడి గొలుసు లాగేది అతనే.

మా పక్క వీధిలో ఒకరింట్లో ఇలాగే జరిగింది. జర్మన్ షెపర్డ్ పిక్క పట్టుకుంది. ఇంటివాళ్ళు పసుపు అద్ది, గుడ్డకట్టి, రెండొందలు చేతిలో పెట్టి పంపారు. రెండొందలు ఎక్కువే ఇచ్చామని వాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. ముందు చేయాల్సింది కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు ఆ గాయం కడగడం. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. ఆ తర్వాత వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళడం. కండకి వేసే టీకా అయితే అయిదు డోసులు, ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసేదైతే నాలుగుసార్లు వెళ్ళాలి. నెత్తురు వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ, నారాయణగూడ ఐపీఎంలోనూ టీకాలు వేస్తారు. విచిత్రం చూడండి, కుక్కకి వైద్యం, కుక్క కరిచిన మనిషికి టీకా, రెండూ నారాయణగూడలోనే! ఆ కుర్రాడు నాలుగుసార్లు ఆటోలో వెళ్ళిరావాలి, ఆ నాలుగు పూటలూ మిగతా ఇళ్ళలో పని పోతుంది. ఆ రెండొందలు దేనికి సరిపోతాయి? ఇది టిప్పు కిందకి వచ్చే ఖర్చు కాదు. కుక్కని కొన్నవాళ్ళ ఖర్చు.

మరో దురలవాటు కూడా ఉంది. వాచ్‌మన్ కొడుకు పదకొండేళ్ళవాడు. "ఒరేయ్, కాస్త తిప్పి తీసుకురారా" అని రాట్‌వీలర్ గొలుసు వాడి చేతికిచ్చి, వచ్చాక చాక్లెట్టు ఇస్తారు. ఆ కుక్క బరువులో సగం కూడా ఉండడు వాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించారు. చాక్లెట్టు ఇచ్చినంత మాత్రాన అది పని కాకుండా పోదు. వాడు ఆ టైములో లెక్కలు చేసుకోవాలి, లేదా ఆడుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా రాయాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. పార్లరు కుర్రాడికి యాభయ్యా వందా అని మధనపడేవాళ్ళం, మన ఇంట్లో కుక్కని రోజూ చూసుకుంటున్నది ఎవరో గమనిస్తున్నామా? పనిమనిషి! ఆమెని మాట్లాడుకున్నప్పుడు అంట్లు, ఊడ్చి తుడవడం, బట్టలు అనుకుంటారు. ఏడాది తర్వాత పిల్లల పోరు పడలేక కుక్కపిల్ల వస్తుంది. దానికి అలవాటయ్యేదాకా హాల్లో, సోఫా పక్కన, దేవుడి గది గుమ్మంలో ఎక్కడ పడితే అక్కడ చేస్తుంది. తుడిచేది ఎవరు? లాబ్రడార్ జుట్టు ఏడాది పొడుగునా రాలుతుంది. ఊడ్చేది ఎవరు? దాని గిన్నె కడిగేది, అది కొరికి పారేసిన దూది ఏరేది, మనం ఆఫీసుకో షాపింగుకో వెళ్తే "కాస్త అన్నం పెట్టి పో" అనిపించుకునేది ఎవరు? జీతం మాత్రం కుక్క రాకముందు ఎంతో ఇప్పుడూ అంతే. అడిగితే "అది మాత్రం ఎంత పనే, చంటిపిల్లలాంటిది గదా" అంటారు. చంటిపిల్లని చూడ్డానికి ఆయాని పెట్టుకుంటే వేలల్లో ఇస్తారు మరి!

మా ఇంటికి టామీ వచ్చిన నెలే నేను మా పనమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. ఏయే పనులు చేస్తావు, ఏవి చెయ్యనంటావు అని. "అన్నం పెడతానమ్మా, ఊడుస్తాను. పెంట మాత్రం నేను ఎత్తను, మీరే ఎత్తుకోండి" అంది. సరేనన్నాను. నెలకి అయిదొందలు పెంచాను. పెంట మేమే ఎత్తుకుంటాం, పిల్లలకి వంతులు వేశాను. వాళ్ళే గదా తెమ్మన్నది. ఆమె వద్దన్న పనిని టిప్పు పేరుతో చేయించుకోవడం మాకు నచ్చదు. "ఇదిగో ఈ పది ఉంచుకో, అది కాస్త తీసెయ్" అనడంలో ఉన్న లోకువ పది రూపాయలతో పోతుందా? ఇంకో రకం టిప్పులు కూడా ఉన్నాయి, అవి ఇంకా లోకువ. గడువు దాటిన బిస్కెట్లు, కుక్క ముట్టని కోడిమాంసం, నిన్నటి పులుసు. టామీకి పెడితే కడుపు పాడవుతుందని భయపడి పక్కన పెట్టినదాన్ని ఆమె పిల్లలకి డబ్బాలో సర్ది ఇచ్చి, "మా ఆవిడకి ఎంత దయో" అని ఆయన చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను.

పశువుల్ని చూసుకునేవాళ్ళకి ఎలా ఇవ్వాలో మనకి బొత్తిగా తెలియదా అంటే, తెలుసు. మరిచిపోయాం అంతే. కనుమ పండగ దేనికి? పొద్దున్నే ఎడ్లని, ఆవుల్ని కడిగి, కొమ్ములకి రంగులు వేసి, గారెలు వండుకునే పండగ. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆ రోజు పాలేరుకీ, పశువుల్ని మేపే పిల్లవాడికీ కొత్త పంచెలు పెట్టేవారు, విస్తరి వేసి భోజనం పెట్టేవారు. గేదె ఈనితే పురుడు పోయడానికి రాత్రంతా కూర్చున్నవాళ్ళింటికి మొదటి జున్నుపాలు వెళ్ళాల్సిందే. చాకలికీ మంగలికీ కళ్ళంలో మేర కొలిచేవారు. ఆ రోజులు బంగారమని నేను అనను. ఆ విస్తరి ఎక్కడ వేసేవారో, పాలేరు ఎక్కడ కూర్చుని తినేవాడో నాకు గుర్తుంది. పెరట్లో, చూరు కింద. మేర కొలిచే చెయ్యి ఎప్పుడూ పైనే ఉండేది, పట్టే చెయ్యి కిందే. దాన్ని మళ్ళీ తెచ్చుకోనక్కర్లేదు. పశువు పండగనాడు దాని కాపరిని తలుచుకోవాలన్న బుద్ధి మాత్రం తెచ్చుకోవచ్చు. కుక్క పుట్టినరోజుకి కేకు కోసి ఫోటోలు తీసుకునే ఇళ్ళు ఇప్పుడు బోలెడు. ఆ రోజు దాన్ని తిప్పే కుర్రాడికీ, పనమ్మాయికీ ఏమిచ్చారని అడిగితే "అయ్యో, ఆ ఆలోచనే రాలేదు" అంటారు.

ఇక హాస్టళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగు రోజులు కుక్కని ఉంచుకునే చోట రోజుకింత అని కట్టేస్తాం. అక్కడ రాత్రి పూట పడుకునేది మాత్రం యజమాని కాదు, ఏ ఊరి నుంచో వచ్చిన కుర్రాడు. మన కుక్క బెంగపెట్టుకుని తినకపోతే చేత్తో తినిపించేది అతనే. తీసుకొచ్చుకునే రోజు అతన్ని అడిగి పిలిపించుకుని, రోజుకి యాభై చొప్పున లెక్కేసి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కుక్కని కూడా కాసేపు అతని దగ్గర ఉండనివ్వండి. అది తోకాడిస్తూ అతని మీదకి ఎగబడిందా, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మన వెనక్కి వచ్చిందా అన్నది చూస్తే ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో తెలిసిపోతుంది. వెనక్కి వచ్చిన కుక్క అయితే టిప్పు మాట అటుంచి, వచ్చేసారి ఇంకో చోటు వెతుక్కోండి.

డబ్బు తీసుకోని వాళ్ళు కూడా ఉన్నారు. మేము తిరుపతి వెళ్ళినప్పుడు టామీని మా పక్కింటి పిన్నిగారు చూశారు. ఆవిడకి డబ్బిస్తే మళ్ళీ మా గడప తొక్కరు. లడ్డూ, ఆవిడ మనవరాలికి కొండ మీద కొన్న గాజులు తెచ్చాను. టామీ పెరుగన్నం తిన్న గిన్నెని తోమి, ఖాళీగా పంపకూడదని కాసిని కరివేపాకు పొడి వేసి ఇచ్చాను. వచ్చే నెల ఆవిడ కాకినాడ వెళ్తున్నారు, పద్దెనిమిది కుండీలకి నీళ్ళు పోసే పని నాది.